ఊడిపోయే కుట్టు

ఉర్సికీన ఎవరినీ నమ్మేది కాదు. నన్నైతే అస్సలు నమ్మేది కాదు. రావెన్నా పట్నంలో చక్రవర్తి ఉండే రాజమందిరం వెనక కుట్టుశాలలో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని పద్నాలుగేళ్ళు పనిచేశాం. నేను ఇంటి నుంచి రొట్టె తెస్తే ముందు నన్ను తినమనేది. నేను మింగేదాకా చూసి అప్పుడు తను తుంచుకునేది.

"ఆకలిగా లేదా అక్కా?" అని ఉడికించేదాన్ని.

"ఆకలి ఉందే దోమ్నికా. చావాలని లేదు."

ఆమెను తప్పుపట్టలేను. ఆమె మొగుడు అద్దకంవాడు. ఒకసారి ద్రాక్షసారా కొట్టులో ప్రాణస్నేహితుడితో "ఈ రాజు చలికాలం దాటడురా" అన్నాడట. ఆ రాజు నిజంగానే దాటలేదు. కానీ ఆ స్నేహితుడు వెళ్ళి ఊదిన పుణ్యమా అని రాజుకంటే ముందే ఈయన తల పోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు.

చక్రవర్తి తొడిగే ఊదా అంగీ మీద సూది పెట్టే హక్కు మా శాల మొత్తంలో ఉర్సికీనకొక్కదానికే ఉండేది. చక్రవర్తిని తాకి కొలత తీయకూడదు. ఆయన చర్చి మెట్లు దిగుతుంటే ఒక్కసారి చూసి వచ్చేది, అంతే, చంకల దగ్గర కూడా వేలెడు తేడా వచ్చేది కాదు. ఆమె కుట్టు ఊడిందన్న మాట ఎవరూ వినలేదు. దానికి మటుకు మహా గర్వపడేది.

ఏడేళ్ళలో ముగ్గురు చక్రవర్తులు పోయి నాలుగోవాడు నడుస్తున్న రోజులవి. పోయినవాళ్ళని దించిందీ, వచ్చినవాళ్ళని ఎక్కించిందీ అన్సిమీర్ సేనాని. ఆయన గోతు జాతివాడు, క్రీస్తుని మనలాగా కొలవడు, కాబట్టి ఆ పీఠం మీద తను కూర్చోలేడు. ఎవరు కూర్చోవాలో మాత్రం ఆయనే చెప్పేవాడు. వచ్చిన ప్రతివాడికీ కొత్త అంగీ కుట్టడానికి ఊదారంగు దొరికేది కాదు. ఆ రంగు ఓడల మీద రావాలి, సముద్రమంతా చూస్తే శత్రువులు వాండలుల ఓడలే. అందుకని ఉన్న ఒక్క అంగీనే ఒకరికి పొడిగించి, ఇంకొకరికి కుదించి కుట్టేది ఉర్సికీన. ఇందులో ఒక చిక్కుండేది. అనుమతి లేకుండా ఆ గుడ్డని ముట్టుకుంటే రాజద్రోహం. తల పోతుంది.

ఒక రోజు పొద్దున్నే, మిగతావాళ్ళింకా రాకముందే, సేనాని మనిషి హునీల గుర్రం మీద కప్పే కంబళిలో ఏదో చుట్టుకుని వచ్చాడు. జుట్టుకి రాసిన వెన్న కంపు గుమ్మం దగ్గర్నుంచే కొట్టింది. కంబళి విప్పితే లోపల ఊదా అంగీ.

"ముసలమ్మా, కింద జానెడు తగ్గించు. రేపటికల్లా కావాలి."

ఉర్సికీన ముట్టుకోలేదు. "జానెడా? ఇప్పుడున్న దొర తాడిచెట్టంత మనిషి కదా నాయనా. మోకాళ్ళు కనిపిస్తాయి."

"నిన్ను మోకాళ్ళ సంగతి అడిగానా?"

"అంగీ పెట్టె తాళం ఫిలుమేను అయ్యగారి దగ్గరుండాలే. ఆయనకి తెలుసా?"

హునీల నవ్వాడు. "నీకు తెలిసింది చాలు" అని వెళ్ళిపోయాడు.

జానెడు తగ్గించమంటే పీఠం మీదికి పొట్టివాడెవడో రాబోతున్నట్టే. ఫిలుమేను రాజుగారి బట్టల కొట్టు అధికారి, ఇప్పుడున్న చక్రవర్తి మనిషి. అంగీ తగ్గిస్తే ఫిలుమేను తల తీయిస్తాడు. తగ్గించకపోతే హునీల తీస్తాడు. ఇవేవీ కాక, ఎవరు ఎవరి పక్షమో చూడటానికి వాళ్ళిద్దరూ కలిసి పన్నిన వలేమో కూడా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉర్సికీన నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ మంటే.

"నువ్వేం చూడలేదు."

"ఏం చూడలేదక్కా."

"చూడలేదని మరీ అంత గట్టిగా అనకు."

తరవాత ఆమె చేసిన పని ఆమె తప్ప ఇంకెవరూ చేయలేరు. జానెడు అంచు లోపలికి మడిచింది. గట్టి కుట్టు వేయలేదు. గట్టి కుట్టుకి ముందు గుడ్డ కదలకుండా వేస్తామే, పొడుగాటి కచ్చా కుట్టు, అది వేసింది. కొస ముడి వేయకుండా ఎడమ పక్కన వదిలేసింది. ఆ పోగు పట్టుకుని లాగితే మడత మొత్తం జారి పాత పొడవుకి వచ్చేస్తుంది. ఇటువాడొస్తే పొట్టి అంగీ, అటువాడొస్తే పొడుగు అంగీ. పాము చావాలి, కర్ర విరగకూడదు.

మధ్యాహ్నానికి అటువాడు రానే వచ్చాడు. ఫిలుమేను దంతపు కొలబద్ద పట్టుకుని నేరుగా మా బల్ల దగ్గరికే నడిచాడు.

"పెట్టెలో ఉండాల్సింది ఇక్కడెందుకుంది?"

"చెమ్మకి అంచు ముక్కిపోయిందండి. హునీలగారు తెచ్చిచ్చారు. నా చేతిలో పెట్టారు గదాని చూస్తున్నాను" అంది ఉర్సికీన. ఒళ్ళో ఆమె ఎడమచెయ్యి మెల్లగా వెనక్కి జరుగుతోంది. పోగు వస్తోంది.

ఫిలుమేను అంగీ లాక్కుని మెడ నుంచి కింద దాకా కొలిచాడు. సరిగ్గా ఇప్పుడున్న దొర పొడవే. నమ్మకం కుదిరినట్టు లేదు. నా వైపు తిరిగాడు.

"ఏం దోమ్నికా, నువ్వేమంటావ్?"

మిగతావాళ్ళని వదిలి నన్నే ఎందుకు అడిగాడో చెప్పి తీరాలి. పండగలకి ఆయన నాకు నూనె జాడీలు పంపేవాడు. నేను చిన్నాచితకా కబుర్లు చెప్పేదాన్ని. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు ఎవరితో పోట్లాడారు, అంతకుమించి లేదు. ఉర్సికీన ఆ సంగతి పసిగట్టే ఉంటుంది.

"అక్క చెప్పిందేనండి. చెమ్మే" అన్నాను.

"అంచు బాగుచేసి పెట్టెకి పంపు" అని అంగీ బల్ల మీద పడేసి ఆయన వెళ్ళాక ఉర్సికీన మళ్ళీ అంచు మడిచి కచ్చా కుట్టు వేసింది. దాని మీద గట్టి కుట్టు మొదలుపెట్టేలోగానే హునీల ఊడిపడ్డాడు.

"రేపన్నావుగా నాయనా! ఇంకా అవలేదు."

"రేపటిదాకా మీ ఆడాళ్ళ నోళ్ళు ఆగుతాయా?" అని బల్ల మీద నుంచి అంగీ లాక్కుని కంబళిలో చుట్టుకుని పోయాడు. ఆమె గుమ్మం దాకా పరిగెత్తింది. కేకేస్తే ఏమని కేకేస్తుంది?

మర్నాడు క్లాస్సె రేవు పక్క మైదానంలో సైన్యం కొత్త చక్రవర్తిని డాలు మీద నిలబెట్టి పైకెత్తింది. ఆయన నిన్నటిదాకా దస్తావేజుల కొట్టులో గుమాస్తా, పొట్టివాడు. పాతాయన్ని ఏదో చిన్న ఊరికి బిషప్పుగా పంపేశారు. ప్రాణం దక్కింది, అదృష్టవంతుడు. ఫిలుమేను ఏమయ్యాడో ఎవరూ అడగలేదు. డాలు కదిలిన కుదుపుకి కచ్చా కుట్టు ఊడి అంగీ అంచు జారింది. కొత్త దొర దిగబోతూ అది తొక్కి సైనికుల మీద బోర్లా పడ్డాడు. అపశకునం, అపశకునం అని వేలమంది గొణిగారు.

మూడో రోజు అన్సిమీర్ సేనానే మా శాలకి వచ్చాడు. అంతకు ముందు ఎన్నడూ రాలేదు. ఆ అంగీ మా బల్ల మీద పడేశాడు.

"ఇది కుట్టింది ఎవరు?"

నలభై మందిమి తలలు వంచుకున్నాం.

"ఎవరని అడుగుతున్నా."

"నేనేనండి" అని ఉర్సికీన లేచి నిలబడింది. తల నరికించుకోవడానికి తయారై వచ్చినదానిలా మెడ మీది గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన వేలాడుతున్న పోగుని వేలికి చుట్టుకుని చూశాడు.

"ఇక మీదట ఈ చక్రవర్తులందరికీ ఇలాగే కుట్టు" అన్నాడు. "గట్టి కుట్లు విప్పించడానికి ప్రతిసారీ రెండు రోజులు పడుతోంది నాకు."

అని వెళ్ళిపోయాడు. ఉర్సికీన కూలబడి ఏడ్చింది. బతికినందుకో, ఇక జన్మలో గట్టి కుట్టు వేయకూడదన్నందుకో నేను అడగలేదు. కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"రెండుసార్లు అడిగాడే. నువ్వు నన్ను చూపించలేదు. నిన్ను ఇన్నేళ్ళూ అనుమానించాను, పాపిష్టిదాన్ని."

ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది. ఆ పదకొండేళ్ళూ లోకంలో నన్నొక్కదాన్నే నమ్మింది. ఆ రోజు సేనాని రెండోసారి అడిగినప్పుడు నా వేలు ఆమె వైపు లేచింది. సగం దాకా లేచాక ఆమె తనంతట తనే నిలబడింది. నేను ఆ వేలితో తలగుడ్డ సర్దుకున్నాను.