పూర్వపక్షం దగ్గరే ఆగిపోయిన పత్రిక

మొన్న హెర్న్‌డన్‌లో కాలేజీ చదువుతున్న మనవరాలు, యూదులంటే గిట్టని పాత పత్రికలు వాళ్ళ ధర్మగ్రంథాలను ఎలా వక్రీకరించాయో ఏదో క్లాసు కోసం చదువుతుంటే, నా మనసు ఎనభైల మొదట్లో మేమున్న ఇర్వింగ్ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళిపోయింది.

మా పై అంతస్తులో యూరప్ నుంచి వచ్చిన ఒక యూదు పెద్దావిడ ఉండేది. మేము కొందరు తెలుగు ఆడవాళ్ళం పిల్లల్ని ఆవిడకు అప్పగించి నిశ్చింతగా ఆఫీసులకు వెళ్ళేవాళ్ళం. ఆవిడ ఇల్లు గడిచేదీ దాంతోనే. ఒకరోజు ఎవరో మా అందరి తలుపుల కింద ఓ కరపత్రం తోసి పోయారు. యూదుడు కాని పరాయివాణ్ణి కోర్టులో మాయచేసి గెలవచ్చని యూదుల గ్రంథంలోనే ఉందంటూ, ఎప్పటిదో యూరప్ పత్రికలోంచి ఎత్తి అచ్చేశారు. పుట సంఖ్య కూడా ఉండేసరికి మావాళ్ళు నమ్మేశారు. అచ్చులో కనబడితే చాలు, మాకు వేదవాక్కే కదా. "ఏమో, రిస్క్ ఎందుకు, మండే నుంచి నేనైతే పిల్లల్ని పంపను" అంది ఎదురింటావిడ. మిగతావాళ్ళూ తలూపారు.

జీవితమంతా తర్కశాస్త్రం పాఠం చెప్పిన మా మామగారు అప్పుడు కొన్నాళ్ళుండి వెళదామని మా దగ్గరికి వచ్చి ఉన్నారు. నాచేత ఆ కరపత్రానికి అర్థం చెప్పించుకుని, "ఇది పూర్వపక్షంలా ఉందమ్మా, తర్వాత ఏముందో ఆ పై అంతస్తు ఆవిణ్ణే అడుగుదాం పద" అన్నారు. మన శాస్త్రాల్లో ఎదుటివాడి వాదం ముందు పూర్తిగా చెప్పి, ఆ తర్వాతే ఖండించి తమ నిర్ణయం చెబుతారు కదా. సగంలో లేచిపోయినవాడికి ఆ నిర్ణయం తెలిసే దారే లేదు.

అలాంటి మాట మొహం మీదే అడగడమా అని నా ప్రాణం చచ్చినంత పనైంది. ఆవిడ మాత్రం వాళ్ళ నాన్నగారి నాటి లావుపాటి పుస్తకం దించింది. మన శాస్త్రగ్రంథాల్లోలాగే పుట నడుమ మూలం, చుట్టూ వ్యాఖ్యానాలు చూసి మామగారు సొంత ఊరివాళ్ళు కనబడినంత సంబరపడ్డారు. ఆవిడ ఆ పుట తీసి చదివి అర్థం చెప్పింది. కరపత్రంలోని మాట నిజంగానే ఉంది, ఒక గురువు అభిప్రాయంగా. ఆ వెంటనే మరో గురువు అది కూడదు, అలా చేస్తే దేవుడి పేరుకే మచ్చ అంటున్నాడు. పత్రిక ఆ రెండో మాటను మింగేసింది.

ఆ ఆదివారం మామగారు అందరినీ మా ఇంటికి పిలిచి, భోజనాలయ్యాక ఓపిగ్గా ఇదంతా విడమరిచారు. సోమవారం పిల్లలందరూ ఎప్పటిలాగే పైకి వెళ్ళారు, ఎదురింటావిడ పిల్లతో సహా. నేను మావాణ్ణి దింపేటప్పుడు ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "చిన్నప్పుడు మా ఊళ్ళో ఆ పత్రిక అందరూ చదివారు. మా నాన్న దగ్గరికి వచ్చి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఏ గ్రంథం కావాలన్నా క్షణంలో దొరుకుతుంది, అందుకు సంతోషమే. కానీ సందేహం వస్తే మెట్లెక్కి పొరుగువాళ్ళను అడగడమన్నది మనలో తగ్గిపోయింది. తలుపు తడితే తీసేవాళ్ళు ఇంకా ఉన్నారనే నా నమ్మకం.