సగం స్క్రీన్‌కి కాగితం అంటించే బావ

మా బావ పోయాడు. మంగళవారం పొద్దున్న డయాలసిస్‌కి శ్రీకాకుళం బయల్దేరుతూ, మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడట. అక్క నాకు ఫోన్ చేసి "బావ పలకడం నేదే, ఓసారి రా" అంది. ఆమదాలవలసలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య రెండు వీధులే. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఎదురింటివాళ్లు మంచం వాకిట్లోకి తెచ్చేశారు. నలభై ఆరేళ్లు. పోయే వయసా అది?

బావంటే మా అక్క మొగుడు. నాకు పని నేర్పినవాడు కూడా. స్టేషన్‌కెళ్లే రోడ్డులో గోనెసంచుల కొట్టుకీ టీ బడ్డీకీ మధ్య ఇరుక్కుని ఉండే కంప్యూటర్ రిపేరు షాపు ఆయనది. తొమ్మిదేళ్లు ఆయన పక్క స్టూలు మీద కూర్చున్నాను. నలుగురూ చదివేదాంట్లో గారూ మీరూ అని రాయాలి గానీ, మా వైపు మరదలు బావని మీరు అంటే ఏదో కోపమొచ్చిందనుకుంటారు. అందుకని నోటికి అలవాటైనట్టే రాస్తాను.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. పెద్దకర్మ రోజునుంచి మా అక్క నాతో మాట్లాడడం మానేసింది. బావ జబ్బు నాకు ఎప్పటినుంచో తెలుసనీ, తెలిసి దాచాననీ దాని అనుమానం. ఒట్టు, నాకు తెలీదు. కానీ తెలిసుండాల్సింది. ఆయన రిపోర్టులు ఒకరోజు నా చేతుల మీదుగానే వెళ్లాయి, నేను చూడలేదు. ఎందుకు చూడలేదో అక్కకి చెప్తే వినిపించుకోలేదు. కనీసం మీరైనా వినండి.

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, నేను ఇంట్లో టీవీ ముందు కూర్చుని అమ్మ చేత తిట్లు తింటున్న రోజుల్లో బావ వచ్చి షాపుకి రమ్మన్నాడు. కంప్యూటర్ గురించి నాకేం తెలీదన్నాను. నాకు మాత్రం ఏటి తెలుసు, రోజూ కనుక్కోడమే అన్నాడు. సర్వర్లు చూడ్డానికి ఊళ్లు వెళ్లాల్సొచ్చినప్పుడు, బావ స్కూటర్ మీద మరదలు వెళ్తే జనం ఏమంటారోనని నేను బస్సెక్కేదాన్ని. వారం తిరక్కుండానే అక్క ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. జనం మాట జనం అనుకుంటారు, అది బస్సులో నిల్చుని రావడమేటి, బండెక్కించుకెళ్లు అని. అంత నమ్మిన మనిషి ఇప్పుడు నన్ను చూసి తలుపేసుకుంటోంది.

బావ లైనక్స్ మనిషి. ఆస్పత్రులకీ ల్యాబులకీ కాలేజీలకీ అదే వేసేవాడు, వైరస్‌ల పీడ ఉండదని. ముఖ్యమైన కంప్యూటర్లలో రెండు హార్డ్ డిస్కులు పెట్టి జత కట్టేవాడు. ఒకదాంట్లో ఏం రాసినా రెండోదాంట్లో కూడా అదే పడుతుంది. అందుకే మిర్రర్ అంటారు. ఒకటి పాడైతే రెండోది బండి లాగేస్తుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఒకటి పోయినా పని ఆగదు కాబట్టి, పోయిన సంగతి ఎవరికీ తెలీదు. రెండోది కూడా పోయిన రోజున మాత్రం అందరూ లబోదిబోమంటూ షాపుకొస్తారు.

వచ్చినవాళ్ల మీద విసుక్కునేవాడు కాదు. విసుగంతా నాది. నెలకోసారి చూసుకోమని చెప్పాం కదా అని నేను ఎగిరిపడితే, ఉప్పు డబ్బా అడుగంటేదాకా మనమైనా చూస్తామేటే అనేవాడు. డిస్కుని అరచేతిలో పెట్టుకుని కాసేపు కదలకుండా ఉండేవాడు, లోపల తిరుగుతోందో లేదో చేతికి తెలుస్తుందని. అద్దం కాపలా కాదు, నువ్వు తప్పు చేస్తే అదీ చేస్తుంది, అందుకని ఇంకోచోట నకలు తీసి పెట్టుకోండని వెళ్లిన ప్రతిచోటా చెప్పేవాడు. ఎవరూ తీసేవాళ్లు కాదు.

ఆయనకో అలవాటుంది. దాని గురించే ఇదంతా. పాడైన కంప్యూటర్ లేచాక, అన్నీ ఉన్నాయో లేవో చూడ్డానికి ఫైళ్ల జాబితా తెరవాలి కదా. తెరిచేముందు పాత దినపత్రికలోంచి ఒక ముక్క చింపి, స్క్రీన్‌కి ఎడమవైపు సగం మూసేసేలా టేపుతో అంటించేవాడు. పేర్లు ఎడమవైపు, తేదీలు కుడివైపు ఉంటాయి. తేదీలు చూస్తే చాలు మన పని అయిపోయినట్టే. ఏ ఇంటివాళ్లకి ఏ జబ్బు, ఏ పిల్లాడు ఏ సబ్జెక్టు తప్పాడు, అవన్నీ మనకెందుకు అనేవాడు. చూసినవాళ్లు దిష్టి తీస్తున్నాడేమో అనుకునేవాళ్లు. మొదట్లో నాకూ నవ్వొచ్చేది. తర్వాత నేనూ టేపు చుట్ట లేకుండా ఏ పనికీ వెళ్లడం మానేశాను.

కిందటేడు తుపాను వెళ్లిన వారానికి నరసన్నపేట నుంచి ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది. రక్తపరీక్షల ల్యాబ్ ఆవిడది. ఆరు రోజులు కరెంటు లేదు, వచ్చాక ఆన్ చేస్తే సర్వర్ లేవడం లేదు. ఆవిడ దగ్గరికి కిడ్నీ జబ్బువాళ్లు చాలామంది వస్తారు. క్రియాటినిన్ ఇవాళ ఎంతుందో తెలిస్తే సరిపోదు, కిందటి నెలా అంతకుముందు నెలా ఎంతుందో చూస్తేగానీ డాక్టర్ మందు మార్చడు. ఆ లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. మేడమ్ ఆయుధపూజ రోజున ఆ సర్వర్‌కి బొట్టు పెట్టి దండ వేసేది గానీ, ఎక్కడ పాడైపోతుందోనని ఏడాదిన్నరగా దాన్ని ఒక్కసారి కూడా ఆపలేదు. ఒక డిస్కు జతలోంచి జారిపోతే కూత పెట్టేలా బావ ఏర్పాటు చేశాడు. ఆ కూతకి పేషెంట్లు కంగారు పడుతున్నారని స్పీకర్ వైరు పీకేసింది కూడా ఆ మహాతల్లే.

హైవే మీద పడిన చెట్లు కోసి పక్కకి లాగుతున్నారు. వాటి మధ్యలోంచి స్కూటర్ నడుపుకుంటూ వెళ్లాం. ఆన్ చేస్తే స్క్రీన్ సగం దాకా వచ్చి నల్లగా ఆగిపోయింది. బావ పెట్టె విప్పి ఒక డిస్కు వైరు తీసేశాడు. ఒక్కొక్కరినే అడగాలి, ఇద్దర్నీ కలిపి అడిగితే ఇద్దరూ అబద్ధమే చెప్తారు అన్నాడు. రెండో డిస్కు ఒక్కదాంతో చూస్తే అసలు లేవలేదు, మూలన ఒక గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది. మొదటిదాంతో చూస్తే చక్కగా లేచింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంకేముంది, లేచింది మంచిది, లేవనిది చచ్చింది అనుకున్నాను. రెండోది తగిలించి, మొదటిదాన్ని చూసి రాసుకోమని ఆజ్ఞ టైప్ చేసి, ఎంటర్ మీద వేలు పెట్టాను.

బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"లెగిసిందని నమ్మీడమేనేటే? తేదీ సూసినావా?"

చూస్తే ఆ డిస్కు మీద ఆఖరిసారి రాతపడిన తేదీ ఎనిమిది నెలల కిందటిది. మొదటి డిస్కు ఎనిమిది నెలల కిందటే జారిపోయి పక్కన పడి ఉంది. అప్పటినుంచీ మొత్తం మోస్తున్నది రెండోదే. దానికి లేవడం మాత్రం రాదు, ఎందుకంటే లైనక్స్‌ని నిద్ర లేపే చిన్న ముక్క మొదటి డిస్కులోనే వేసి ఉంది. నేను ఎంటర్ నొక్కి ఉంటే పాతది కొత్తదాన్ని మింగేసేది. ఎనిమిది నెలల రక్తం లెక్కలు, బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లవి, నా వేలి కింద పోయేవి.

బావ నా చెయ్యి కీబోర్డు మీంచి తీసి పక్కకి పెట్టాడు. పెన్‌డ్రైవ్ పెట్టి దానితో కంప్యూటర్ లేపాడు. రెండు డిస్కుల మీదా ఉండే లెక్క చూపించాడు, ఎన్నిసార్లు రాతపడిందో చెప్పే అంకె. పెద్ద అంకె ఉన్నదే కొత్తది. తర్వాత రెండోదాంట్లో ఆ నిద్రలేపే ముక్క నా చేతే వేయించాడు. లేచింది. మేడమ్ దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది. ఇటుపైన ఎక్కడ జత కట్టినా రెండోదాన్ని కూడా ఒంటరిగా ఒకసారి లేపి చూడు, చూడకపోతే అది ఉన్నట్టు కాదు అని బావ నాతో అన్నాడు.

అప్పుడు మామూలుగానే పేపర్ ముక్క చింపి ఎడమవైపు అంటించాడు. నేను తేదీలు చదువుతుంటే ఆయన పుస్తకంలో టిక్కులు పెట్టాడు. ఫ్యాన్ గాలికి అంటించిన ముక్క అంచు లేచింది. ఎప్పుడూ నన్నే సర్దమనేవాడు, ఆ రోజు కుర్చీలోంచి లేచి తనే సర్దాడు. నాకేం తోచలేదు. తేదీలన్నీ సరిపోయాయి, టీ తాగి వచ్చేశాం.

ఆ కాగితం కింద బావ పేరు ఉంది. అప్పటికే ఏడాదిగా ఉందట.

తెలుసుకోడానికి వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. ఎండుచేప లేకపోతే అన్నం ముద్ద దిగని మనిషి, మొక్కుకున్నానని చెప్పి మానేశాడు. ఏ దేవుడికి మొక్కావని అక్క అడిగితే చెప్తే ఫలితం పోతాదన్నాడు, అది నమ్మేసింది. ఉప్పు తగ్గించాడు. పాత చెప్పులు బిగుతైపోయాయని ఒక సైజు పెద్దవి కొన్నాడు. వయసొస్తే పాదాలు పెరుగుతాయేటి బావా అని నేను వెక్కిరించాను. పెరుగుతాయేమో, నీకు నోరు పెరగలేదా అన్నాడు. ఆ మాటకి షాపులో ఇద్దరం పడిపడి నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నాలుగు నెలల కిందట షాపులోనే కళ్లు తిరిగి పడిపోయాడు. శ్రీకాకుళం తీసుకెళ్తే డయాలసిస్ మొదలెట్టాలన్నారు. ఎప్పటినుంచి ఇది అని అక్క అడిగితే, ఈమధ్యేనని అబద్ధమాడాడు. అక్క మందులు తేవడానికి కిందకి వెళ్లినప్పుడు సూది గుచ్చిన చేతివైపు చూస్తూ నాతో ఒక మాట అన్నాడు.

"రెండున్నాయి గదాని ఊరుకున్నానే. నాలాంటోడు అనాల్సిన మాటేనా అది?"

నవ్వబోయాడు. నాకు ఏడుపొచ్చి వరండాలోకి వచ్చేశాను. ఎప్పటినుంచి ఊరుకున్నావని అప్పుడైనా అడగాల్సింది. అడగలేదు.

పెద్దకర్మకి ల్యాబ్ మేడమ్ వచ్చింది. భోజనాల దగ్గర అక్క చెయ్యి పట్టుకుని, రెండేళ్లు నెలనెలా మా దగ్గరికే వచ్చారమ్మా, పెద్ద ఆస్పత్రిలో చూపించుకోండని చెప్తూనే ఉన్నాను అంది. ఆవిడ తప్పేం లేదు, అక్కకి తెలుసనుకుంది. అక్క ఆవిడ చెయ్యి వదిలేసి నావైపు తిరిగింది.

"తొమ్మిదేళ్లు పక్కపక్కన కూకున్నారు. ఆ ల్యాబుకి నువ్వూ ఎల్లీదానివి. నీకు తెల్దంటే నన్ను నమ్మమంటావేటి?"

కాగితం సంగతి చెప్పాను. పేర్లు చూడొద్దనేవాడని చెప్పాను. చెప్తుంటే నాకే అది కట్టుకథలా వినిపించింది. అక్క లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. మర్నాడు వెళ్తే పలకలేదు. ఆ తర్వాత రోజూ అంతే. బావ పోయిన దుఃఖం ఒకెత్తు, ఆ దుఃఖాన్ని దానితో కూర్చుని ఏడ్చుకోలేకపోవడం ఇంకో ఎత్తు.

ఉండబట్టలేక మేడమ్‌కి ఫోన్ చేశాను. భార్య వచ్చి అడిగితే చూపిస్తానంది. అక్క గుమ్మం బయట నిలబడి, నరసన్నపేట వెళ్తున్నాను, బావ కాగితాలు చూస్తావా అని అడిగాను. పావుగంటకి చీర మార్చుకుని బయటకొచ్చింది. బస్సులో నేను ముందు కూర్చుంటే అది వెనక కూర్చుంది.

మేడమ్ స్క్రీన్ మీద బావ పేజీ తెరిచి అక్కని ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది. రెండేళ్ల తేదీలు, పక్కన అంకెలు. అంకెలు ఒక్కసారి కూడా తగ్గలేదు. అక్క ఒక్కో తేదీ మీద వేలు పెట్టి, ఆ వేళ నరసన్నపేటలో సర్వర్ పాడైందని వెళ్లాడు, ఈ వేళ నాకు ఒంట్లో బాగోలేదు, వంట తనే చేసి మరీ వెళ్లాడు అని తనలో తను అనుకుంటూ చదువుకుంది. నేను వెనక నిలబడ్డాను.

పేజీ పైకి వెళ్లాక అక్క వేలు ఆగింది. అవసరమైతే ఎవరికి చెప్పాలి అనే గడిలో ఫోన్ నంబరు నాది. పక్కన మరదలు అని రాసి ఉంది.

ఇంటి నంబరు ఇవ్వమంటే వద్దన్నారని మేడమ్ చెప్పింది. మా ఆవిడ ఫోన్లో వింటే తట్టుకోలేదు, మా మరదలికి చెప్పండి, అది ఎలాగోలా దగ్గర కూర్చుని చెప్తుంది అన్నాడట. తీరా చెప్పాల్సిన రిపోర్టు వచ్చిన రోజున కూడా, తనే వచ్చి మడిచి జేబులో పెట్టుకెళ్లిపోయాడు.

అక్క నావైపు తిరక్కుండానే అడిగింది.

"ఫోనొచ్చిందేటి నీకు?"

"నేదక్కా."

"ఒక్కసారి?"

"ఒక్కసారి కూడా నేదు."

అక్క బెంచీ మీద పక్కకి జరిగింది. నేను కూర్చున్నాను. దాని భుజం నా భుజానికి తగిలి వణుకుతోంది. ఏడుస్తోందని అప్పుడు తెలిసింది, చప్పుడు లేదు.

ఆ ల్యాబులో రెండు నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ నల్లబడిపోతుంది. బయట రక్తం ఇవ్వాల్సినవాళ్లు వరసగా కూర్చున్నారు. మేడమ్ మమ్మల్ని లేవమనలేదు. వెలుగు తగ్గబోయినప్పుడల్లా అక్క చెయ్యి చాపి మౌస్ కొంచెం కదిపేది, బావ పేరు మళ్లీ వచ్చేది.