బొంబాయి చేరని విమానం

నల్లమాడ దగ్గర మా చేలో మా నాయన మబ్బుల కోసం ఆకాశం చూస్తే, నేను విమానాల కోసం చూసేవాణ్ణి. ఇద్దరికీ దొరికింది అంతంతమాత్రమే. డెబ్బైల చివర్లో బెంగళూరులో పైలట్ల ఎంపికకు పోతే, చూపు సరిగా లేదని మొదటి రోజే బయటికి పంపేశారు. ఆ మంట చాన్నాళ్లు చల్లారలేదు. పదేళ్ల తర్వాత, అనంతపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నప్పుడు, బెంగళూరు మిత్రుడొకడు ఒక ఫ్లాపీ తెచ్చిచ్చాడు. అందులో విమానం నడిపే ఆట ఉంది.

దాన్ని ఎవరైనా ఆట అంటే నాకు ఒళ్లు మండేది. వెనకటి రోజుల్లో కరాచీ నుండి టపా మూటలతో బయలుదేరి, అహ్మదాబాదులో దిగి, బొంబాయి చేరిన ఒక చిన్న విమానం గురించి చదివాను. ఆ దారిన నేనూ ఒక్కసారి పోవాలి. గడియారం, దిక్సూచి, నా కళ్లద్దాలు, అంతే. నన్ను పనికిరావన్న వాళ్లకు తెలియకపోయినా సరే, నాకు తెలిస్తే చాలు.

తీరా చూస్తే ఆ ఫ్లాపీలో ఉన్నవన్నీ అమెరికా ఊళ్లే. వాటిని దాటితే చెట్టూ పుట్టా లేని బయలు. మన జిల్లా వాడికి బయలు కొత్తా? దాన్నే సింధు, కచ్ అనుకున్నాను. అత్తగారిది ధర్మవరం కాబట్టి ఇంట్లో పట్టుదారానికి కరువు లేదు. అట్లాసు మీద దారం పరిచి దూరం కొలిచి, ఎన్ని నిమిషాలకు ఎటు తిరగాలో కాగితం మీద రాసుకున్నాను. మొత్తం మీద అయిదారు గంటల పని.

అనంతపురంలో అయిదారు గంటలు ఏకధాటిగా కరెంటు ఉండటమా! ప్రతి ఆదివారం పొద్దున్నే కాలేజీ ల్యాబులో కూర్చుని కరాచీ నుంచి పైకి లేచేవాణ్ణి. నా కాగితం లెక్కన ఒకసారి సముద్రం మీద, ఒకసారి అహ్మదాబాదు కనుచూపు మేరలో, ఇంకోసారి బొంబాయికి గంట దూరంలో, టప్పుమని తెర నల్లబడేది. ఆగినచోటు నుంచి మళ్లీ అందుకుంటే అది ప్రయాణం కాదని నా పట్టుదల. మళ్లీ కరాచీ.

ల్యాబు అటెండరు నాకంటే పెద్దవాడు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని అంతా చూసేవాడు.

"మళ్లా పడిపాయె గదా సార్."

"పడలేదన్నా, కరెంటు పోయింది."

"కరెంటు పోతే విమానం పైన్నే ఉంటాదా సార్?"

ఉన్న కోపమంతా కుర్చీ మీద చూపించి ఇంటికి పోయేవాణ్ణి.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధపూజకు నూనె మిల్లులూ, మగ్గాలూ అన్నీ ఆగిపోతాయి, మళ్లీ కదిలేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అంటే కరెంటు వాడేవాడు లేడు. పోదు! పైగా విజయదశమి, ఏ పనైనా మొదలుపెట్టవలసిన రోజు. నవమినాడు ల్యాబులో పూజ చేసే పని అటెండరుకు అప్పగించాను. దశమినాడు తలంటు పోసుకుని, కాగితం జేబులో పెట్టుకుని వచ్చాను. కంప్యూటరుకు గంధం, బంతిపూల దండ. ఫ్లాపీ లోపలికి తోశాను. గరగరమంది. మళ్లీ తోశాను. గరగర.

బయటికి లాగి చూశాను. ఫ్లాపీ తొడుగుకు కోడిగుడ్డు ఆకారంలో ఒక కంత ఉంటుంది. లోపలి నల్ల రేకు అక్కడ బయటికి కనిపిస్తుంది, చెయ్యి తగలకూడదు. సరిగ్గా అక్కడ, ఎండిన పసుపు మీద కుంకుమ బొట్టు.

"ఏం పని చేసినావన్నా! బుద్ధుందా నీకు?" కాలేజీ దద్దరిల్లేలా అరిచాను.

అతను బిత్తరపోయాడు. "మీరే గదా సార్ చెప్పింది, విమానమంతా దీంట్లోనే ఉండాదని! నిమ్మకాయలు పెడదామంటే దానికి చక్రాలు యాడ ఉండాయో తెలీకపాయె. అందుకే బొట్టన్నా పెడదామని..."

దూదితో తుడిచాను. నల్ల రేకు మీద గీతలు పడ్డాయి. ఏ ఫ్లాపీకైనా రెండో కాపీ తీసి పెట్టుకోండిరా అని పిల్లలకు రోజూ చెప్పేవాణ్ణి నేనే. దీనికి మాత్రం తీయలేదు. ఇచ్చిన మిత్రుడు అప్పటికే బెంగళూరు వదిలి ఎటో పోయాడు. ఎవణ్ణి తిట్టాలో తెలియక అతణ్ణే మళ్లీ తిట్టాను.

అతను తల వంచుకుని విన్నాడు. నేను ఆగాక మెల్లగా అన్నాడు. "వారం వారం పడిపోతాంటిరి. చూడలేకపోతాంటి సార్. ఈ తూరన్నా మీరు బొంబాయి చేరాలని మొక్కుకోని పెట్టినా."

ఫ్లాపీని బంతిపూల దండ పక్కన పెట్టి కుర్చీలో కూలబడ్డాను. అతను స్టూలు తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం ఫ్యాను కింద అలాగే ఉండిపోయాం. ఆ రోజు పొద్దుగుంకేదాకా కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు.