మన తెలుగు రాని డిష్

నిన్న తట్టాంచావడిలో ఒక మిద్దె మీద, తుప్పుపట్టిన డిష్‌లో నిలిచిన వాననీళ్లు కాకి తాగుతుంటే మా అవ్వ గుర్తొచ్చింది.

అరియాంకుప్పంలో ఉండే తన చెల్లెలు పోయాక, తాతల కాలం నుంచీ తమిళం మాట్లాడేవాళ్ల మధ్యే బతికిన అవ్వకు తీరిగ్గా తెలుగులో కబుర్లాడే తోడు లేకపోయింది. అందుకని నాన్న, నెలనెలా కట్టే పనిలేకుండా ఊరికే చానళ్లు వచ్చే డిష్ తెచ్చి మిద్దె మీద బిగించాడు. ఆయన దాన్ని తిప్పుతుంటే, టీవీలో ఏమొస్తోందో నేను మెట్ల మీంచి అరిచి చెప్పేదాన్ని. ఒక్కోవైపు తిప్పితే ఒక్కో భాష వచ్చింది. ఆఖరికి తెలుగు వార్తలొచ్చాయి.

అవ్వ ముందుకు వంగి శ్రద్ధగా విన్నది. కాసేపటికి వెనక్కి వాలి, "ఏందిమే ఇది? ఆ పిల్ల చెప్పేది ఒక ముక్కా తెలీలే. ఇది మన తెలుగు కాదు," అన్నది.

డిష్ ఇంకా సరిగ్గా తిరగలేదనుకున్నాను.

"ఇంకొంచెం తిప్పు నాయినా! మన తెలుగు ఇంకా రాలే!" అని అరిచాను.

అది ఏ చానల్లోనూ రాదని నాన్నకు అప్పుడే తెలుసని ఇప్పుడు అర్థమవుతోంది. అయినా, కిందికి దిగి అవ్వ మొహం చూడలేక, చీకటి పడేదాకా డిష్ తిప్పుతూనే ఉన్నాడు.