మగ్గాల షెడ్డులో వేసిన అతుకు

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా దిగబడి ఉంది. మగ్గాల చప్పుడు వినిపిస్తే చాలు, అది ఇంకా లోపలికి దిగుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నీలం నగర్‌లో మా నేతవాళ్ల పండుగలకు, పెళ్లిళ్లకు ఎల్‌ఈడీ తెరలు పెడతాను. అప్పట్లో యాదగిరి నా దగ్గర పనిచేసేవాడు. ఆ ఏడు దేవుడి కళ్యాణానికి పందిరి చాలక, వెనక గల్లీలో కూర్చునే ఆడవాళ్ల కోసం తెర పెట్టమన్నారు. పందిట్లో పెట్టిన కెమెరా నుంచి తెరకు దగ్గరి దారి మరమగ్గాల షెడ్డు లోపలినుంచే. నా దగ్గరున్న హెచ్‌డీఎంఐ కేబులు అంత దూరం అందలేదు.

"అన్నా, ఇది గింత దూరం పనిజెయ్యది. ఎస్‌డీఐ కేబులు తెద్దాం. తిప్పి బిగిస్తే ఊడది," అన్నాడు యాదగిరి.

"తెగిన పోగులు అతుక్కుంటనే బతుకుతున్నం. గీ కేబులు అతకలేమా? చల్, నడుస్తది," అన్నాను.

నా చేత్తోనే రెండు కేబుళ్లు కలిపి, టేపు చుట్టి, మగ్గం పక్కనుంచి లాగాను. పండుగనాడు పొద్దున మగ్గాలు బంద్. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది.

సాయంత్రం ఆర్డరు తొందరలో షెడ్డు సేటు మగ్గాలు నడిపించాడు. నేల అదిరింది. అతుకు గుర్తొచ్చింది. లేచి వెళ్లొచ్చు కదా? ఎందుకు వెళ్లలేదు? నా దగ్గర పనిచేసేవాడి మాటే నిజమైందని అందరి ముందూ ఒప్పుకోవాల్సి వస్తుందనా, లేక ఏమీ కాదులే అన్న పొగరా, ఇప్పటికీ తేల్చుకోలేను.

సరిగ్గా పుస్తె కట్టే వేళకు తెర నల్లబడింది. ఆ ఘడియ కళ్లారా చూడాలని గల్లీ గల్లీ అంతా పందిరి గేటు మీదికి తోసుకొచ్చింది. కింద పడ్డది యాదగిరి తల్లి లక్ష్మమ్మ. ఆమె కుడిచెయ్యి జనం కాళ్ల కింద నలిగిపోయింది. బీడీలు చుట్టే చెయ్యి.

పెద్దమనుషులు నిలదీస్తే, కేబులు యాదగిరే వేశాడని చెప్పాను. వాడు కాదన్నాడు. ఎవరూ నమ్మలేదు. కన్నతల్లి కూడా.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. వంకరపోయిన వేళ్లు కొంగులో దాచుకుని, ఎడమచేత్తో చాయ్ ఇచ్చింది. "మావోనికి మల్ల పని చెప్పకు బిడ్డా. వానికి కన్నతల్లి పానమన్నా లెక్కలేదు," అంది. యాదగిరి గడపలోనే నిలబడి ఉన్నాడు. నేను చాయ్ తాగి వచ్చేశాను.

ఈసారి కళ్యాణానికీ తెర నాకే అప్పజెప్పారు. షెడ్డులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

ఆ అతుకు వేసింది నేను. రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అక్కడ ఆమె ఇంకా కొడుకునే తిడుతోంది.