సైదాబీ ఫొటో

సైదాబీ తాత బొబ్బిలి వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికొచ్చిన దూదేకుల మనిషి. అక్కడే పుట్టి పెరిగిన ఆమెకి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో బెంగాలీ. పేటలో ముస్లిం ఆడమనిషి ఎవరు కన్నుమూసినా ఆఖరి స్నానం చేయించడానికి ఆమెకే కబురొచ్చేది. పొయ్యి మీద కూర దించేసి వెళ్లేది.

ఎన్నికల ముందు గోల్‌బజార్లో చేపలు కొంటూంటే పాలక పార్టీ అభ్యర్థి ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు. ఈమె కూడా చెయ్యెత్తింది. అంతే. సాయంత్రానికి ఆ ఫొటో ఫేస్‌బుక్‌కెక్కింది. 'కౌమ్‌ని, మన జనాన్ని అమ్ముకున్న ముఖం' అని కింద రాత. పెట్టినవాడు ముస్లింల కోసం పుట్టిన కొత్త పార్టీలో తిరిగే తన్వీర్, ఆమె స్నేహితురాలు జైనబ్ కొడుకు. మర్నాడు పాలక పార్టీ వైపు అఫ్రోజ్ అదే ఫొటోని 'మన అక్కని అవమానించిన ద్రోహులు' అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పాడు. రెండూ పక్కింటి రాధారాణి తన ఫోన్లో చూపించింది.

తీసెయ్యమని అఫ్రోజ్ ఇంటికెళ్లి అడిగితే, పోలింగ్ అయ్యేదాకా ఉండనీ ఖాలా, మనకి పనికొస్తోంది అన్నాడు. సైదాబీకి ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే వెనక వీధిలో ఒక ముసలామె పోయింది. సైదాబీని పిలవలేదు. అమ్ముడుపోయిన చెయ్యి శవం మీద పడకూడదని గ్రూపులో ఎవరో రాశారట.

తర్వాత జైనబ్ పోయింది. సైదా తప్ప ఎవరూ తనని ముట్టుకోకూడదని పోయేముందు చెప్పిందట. తన్వీరే సైదాబీ గుమ్మంలోకొచ్చి తల దించుకు నిలబడ్డాడు. వెళ్లొద్దంది రాధారాణి.

"పిల్సింది జైనబు. ఈడు కాదు," అని సైదాబీ బయల్దేరింది.

స్నానం చేయించి, కర్పూరం నీళ్లు పోసి, తెల్లబట్ట చుట్టి బయటికొచ్చింది. వాకిట్లో రెండు పార్టీలవాళ్లూ చెరో పక్కా నిలబడి ఉన్నారు. ఫొటో తీసేశాను ఖాలా, అని గొణిగాడు తన్వీర్.

"ఫోన్లోంచి తీసేసినావు. సూసినోళ్ల కళ్లలోంచి ఎలా తీస్తావురా? మొన్న అమ్ముడుపోయిన సెయ్యి ఇయ్యాల మీ అమ్మకి పనికొచ్చిందా?"

అఫ్రోజ్ మూతి బిగబట్టి నవ్వాపుకోవడం ఆమె కంటబడింది. "నువ్వేటి నవ్వుతావు? నా మొహం నీ ఫోన్లో ఇంకా ఉంది. మీ ఇద్దరికీ నేను మనిషిని కాను, ఓటు ముక్కని."

ఇచ్చిన టీ ముట్టకుండా ఇంటికొచ్చేసింది.

ఎన్నికలైపోయాయి. వీధిలో కనబడినప్పుడల్లా తన్వీర్ సలాం చెప్తాడు. సలాంకి జవాబివ్వకపోవడం తప్పని సైదాబీకి తెలుసు. అయినా తల తిప్పుకుని పోతుంది.