ఆల్టన్ దొరకు నేను పుట్టించిన మనవరాలు

నిండు సభలో, చేతిలో మైకు ఉండగా, రెండూళ్ళ జనం కళ్ళప్పగించి చూస్తుండగా సిగ్గుతో చచ్చి, మళ్ళీ లేచి ఇంటికి నడిచొచ్చిన మగాడు కమలాపురం చుట్టుపక్కల నేనొక్కడినే. నమ్మకపోతే మా ఊరికి వచ్చి చర్చి దగ్గర ఎవరినైనా అడగండి. వెంటనే చెప్పరు. ముందు కడుపు పట్టుకొని నవ్వుతారు, తరువాత కళ్ళు తుడుచుకొని చెబుతారు. అయినా వాళ్ళకు తెలిసింది సగమే. ఇంత ఘనమైన తప్పు చేసినవాడికి దాన్ని పూర్తిగా చెప్పుకునే హక్కు ఉండాలి కదా, అందుకని నేనే చెబుతున్నాను.

ఐదారేళ్ళ కిందటి సంగతి. మా ఊరి క్రైస్తవుల పేటలో రాతి చర్చి ఒకటుంది. నూరేళ్ళ పైమాటే, ఆల్టన్ దొర కట్టించాడు. తెల్లదొరే గానీ పన్నులు గుంజిన దొర కాదు. మతం చెప్పడానికి వచ్చి, మా ఎండకు మాడి, సంకటి తినడం నేర్చి, మా తెలుగులోనే ప్రసంగాలు చేసిన దొర. నిండు మే నెలలో ఆ చర్చిలో అడుగుపెడితే బావిలోకి దిగినంత చల్లగా ఉంటుంది. నేను రెడ్ల వీధివాణ్ణి, గుడికి పోయేవాణ్ణి. కానీ ఆ చర్చి మా ఊరిది. మా ఊరిదంటే నాదే. నా బుద్ధి అంతే, ఏం చేస్తాం.

మాకు పక్కనే ఎగువూరు. అక్కడా ఒక చర్చి ఉంది. మా చర్చి పక్కన నిలబెడితే అది కోళ్ళగూడు. ఆ ఎగువూరోళ్ళు ఆ ఏడు తమ చర్చి కట్టిన దొర మునిమనవణ్ణి ఇంగ్లండు నుంచి రప్పించారు. ట్రాక్టరు మీద నిలబెట్టి డప్పులతో ఊరేగించారు. ఆ అబ్బాయి ఎండకు టమోటాలా ఎర్రబడి, చేతులు జోడించి "నమస్కారం" అన్నాడట. ఆ ఒక్క నమస్కారంతో ఎగువూరోళ్ళు మమ్మల్ని ఏడాదంతా కాల్చుకు తిన్నారు. టీ కొట్టు దగ్గర కనిపిస్తే చాలు, "మీ దొరకు ఎవురూ ల్యారా అప్పా? పాపం, వంశమే ల్యాకపాయనా?" అని మెల్లగా అడిగేవాళ్ళు.

మా చర్చి ప్రతిష్ఠ పండుగ దగ్గర పడింది. ఎగువూరి పెద్దలను పిలవక తప్పదు. పాస్టరు ప్రభుదాసు అప్పుడే కర్నూలు పడమటి పల్లెల నుంచి బదిలీ మీద వచ్చాడు, ఊరింకా పూర్తిగా తెలియదు. నాకు బండలు పాలిష్ చేసే మిషను ఉంది. చర్చి ముంగిట్లో పరవడానికి బండలు చూసుకోవడానికి వచ్చి, చూడకుండా నా ఎదుట కూలబడ్డాడు.

"రెడ్డన్నా, మన దొర వంశంలో ఒక్క మనిషి దొరికితే సాలు. వేదిక మీద కుర్చీలో కూసోబెడితే ఊరి పరువు నిలబడతాది. వాళ్ళను పిలిపిచ్చే దుడ్లు గూడా మనతాన ల్యావు."

"నాకొదిలెయ్ పాస్టరయ్యా," అన్నాను.

ఈ మాట నా నోట వింటే మా ఇంటామె లక్ష్మీదేవి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. అంతకుముందు ఆ మాట అన్నప్పుడు నేను చూపించిన చోట బోరు వేశారు. పాతాళం దాకా దుమ్మే వచ్చింది.

పరిశోధన మొదలుపెట్టాను. సెల్‌ఫోన్లో వెతికితే ఇంగ్లండులో ఆల్టన్లు మా జిల్లాలో ఓబుళ్‌రెడ్లంత మంది ఉన్నారు. చాలామందికి సందేశాలు పంపాను. ఒకాయన కుక్కపిల్ల కావాలా అని అడిగాడు. ఒకామె నన్ను దొంగననుకొని తిట్టింది. కడపకు పోయి ముసలి పాదిరీలను విచారించాను. కర్నూలు పోయి బిర్యానీ తిన్నాను. దాన్ని కూడా పరిశోధనలోనే జమ వేసుకున్నాను. చివరికి మా చర్చి వెనక సమాధుల దొడ్డికి చేరాను. అక్కడ ఒకే బండ కింద దొర భార్య, వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ. ఇద్దరూ ఒకే జ్వరాల కాలంలో పోయారని రాసి ఉంది. అంటే దొర వంశం అక్కడికక్కడే తెగిపోయింది. నేనెంత అల్లరివాణ్ణయినా ఆ చిన్న పేరు చదివి, దాని మీది దుమ్ము తువ్వాలుతో తుడిచాను.

అప్పుడు పక్కనే ఇంకో బండ కనిపించింది. మన కడప బండ, తెలుగు అక్షరాలు: ఆల్టన్ యేసురత్నం.

ఇక చూడండి నా తెలివి. మా ఇళ్ళలో పెద్ద మనవడికి తాత పేరు పెడతారు. నేను ఓబుళ్‌రెడ్డిని, మా తాత ఓబుళ్‌రెడ్డి, ఆయన తాతా ఓబుళ్‌రెడ్డే. మా ఇంట్లో పేరూ నెత్తురూ ఒకే కాలవలో పారతాయి. కాబట్టి దొర పేరు ఉన్నవాడు దొర నెత్తురే అయి తీరాలి. యేసురత్నం కూతురు బతికే ఉంది, సుశీలమ్మ టీచరమ్మ. నాకు ఐదో తరగతి చెప్పింది. ఆమె వీధిలో ఎదురైతే ఇప్పటికీ నా చేతిలోని సిగరెట్టు దానంతటదే ఆరిపోతుంది. ఆమెవి పిల్లికళ్ళు. చిన్నప్పుడు ఆ కళ్ళు మా వైపు తిరిగితే వచ్చిన ఎక్కాలు కూడా మరిచిపోయేవాళ్ళం. పేరు దొరది, కళ్ళు దొరవి. ఇంకేం కావాలి? పోలీసు కుక్క కూడా అంత త్వరగా వాసన పట్టదని నా వీపు నేనే తట్టుకున్నాను.

భార్య పోయిన దొరకు యేసురత్నం ఎలా పుట్టాడని మీరు అడుగుతారు. ఆ ప్రశ్న నాకూ వచ్చింది. ఒంటరిగా మిగిలిన దొరకు పేటలో ఎవరో ఒకామె వండిపెట్టి ఉంటుంది, తరువాత పెళ్ళి అయి ఉంటుంది అనుకున్నాను. మర్యాదస్థుణ్ణి కనుక నా ఊహలో ఆ పెళ్ళికి బ్యాండు మేళం కూడా పెట్టించాను. సుశీలమ్మ ఇల్లు మా వీధి దాటితే వస్తుంది. వెళ్ళి అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే తిరిగి ప్రశ్నలు వేస్తుందని భయం. పైగా సభలో అందరూ ఒక్కసారిగా నోళ్ళు తెరవాలని ఆశ. ఒకరు దొరికారు కదా అని వెతకడం కూడా అక్కడితో ఆపేశాను.

కడపలో ఫ్లెక్సీ వేయించాను. పైన దొర ఫొటో, అక్కడి నుంచి కిందికి గీత, కింద యేసురత్నం, ఆ కింద సుశీలమ్మ. దొర పక్కన ఒక గడి ఖాళీగా ఉంది.

"ఈ అవ్వ ఫొటో యాడ అన్నా?" అన్నాడు షాపతను.

"ఫొటో ల్యాదు. ప్రశ్నార్థకం పెట్టు."

"ఉత్త ప్రశ్న అయితే బాగుండదన్నా," అని తన దగ్గరున్న పట్టుచీరల ప్రకటనలోని అమ్మాయిని తెచ్చి అతికించి, ఆమె నెత్తిన ప్రశ్నార్థకం పెట్టాడు.

పండుగకు ముందు పాస్టరు ఫోన్ చేసి, విమానం మద్రాసులో దిగుతుందా, హైదరాబాదులో దిగుతుందా అని అడిగాడు. "విమానమెందుకు, నడిచే వస్చారు," అన్నాను. "ఇంగ్లండు నుంచా అన్నా?" అన్నాడు. కుర్చీకి మంచి గుడ్డ కప్పమని చెప్పి పెట్టేశాను.

ఆ రోజు షామియానా నిండిపోయింది. ముందు వరసలో ఎగువూరి పెద్దలు మీసాల చాటున నవ్వుకుంటూ కూర్చున్నారు. వాళ్ళ పక్కనే మా చిన్నాయన, తెల్లపంచెలో, ఊరికంతా తానే పెద్ద అన్నట్టు. నేను మైకు అందుకొని, దొర నెత్తురు సముద్రాల అవతల లేదనీ, ఈ ఊళ్ళోనే పారుతోందనీ ఊదరగొట్టి, ఫ్లెక్సీ మీద గుడ్డ లాగేశాను. దొరగారి మనవరాలు సుశీలమ్మ టీచరమ్మ వేదిక మీదికి రావాలని పిలిచాను.

చప్పట్లు కొడతారనుకున్నాను. పేట ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సుశీలమ్మ రెండో వరసలో నుంచి లేచి, మెల్లగా మెట్లెక్కి, కళ్ళద్దాలు సర్దుకొని, ఫ్లెక్సీని పైనుంచి కిందికి పరీక్ష పేపరు దిద్దినట్టు చదివింది.

"ఓబుళ్‌రెడ్డీ."

"టీచరమ్మా."

"ఈ పట్టుచీర ఆయమ్మ ఎవరు?"

"మీ జేజి, టీచరమ్మా. మీ నాయన తల్లి."

"మా జేజి పేరు తెల్సునా నీకు?"

"తెలీదు."

"సుందరమ్మ. ఆయమ్మకు మొగుడు ఉండె. దానియేలు. ఈ చర్చికి రాళ్ళు మోసినోడు. నీ బొమ్మలో ఆయప్పను యాడ పెట్టినావు?"

నేను దొర వంశం నిలబెడుతున్నాననుకుంటూ, రెండూళ్ళ ముందర ఒక ఇల్లాలి పరువు తీశానని అప్పుడు బుర్రకెక్కింది. అక్కడితో నోరు మూసుకోవచ్చు. మూసుకుంటే నేను నేనెందుకవుతాను?

"మీ నాయనకు దొర పేరు ఉండాది కదా టీచరమ్మా. ఇంగ మీ కండ్లు..."

"నా కండ్లకు ఏమాయ?"

"పిల్లికండ్లు కదా అని."

సుశీలమ్మ ముందు వరస వైపు తిరిగింది. "మీ చిన్నాయన కండ్లు సూడు. నా కండ్ల కంటే పచ్చగా ఉండాయి. ఆయప్ప యా దొర కొడుకు? నీ లెక్క ప్రకారమైతే మీ జేజిని గూడా ఈ బొమ్మలోకి ఎక్కిచ్చాల కదా."

షామియానా గుంజలు ఊగిపోయాయి. నవ్వలేక ఒకాయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. రెండూళ్ళ జనం మెడలు చాచి మా చిన్నాయన కళ్ళలోకి చూశారు. ఆయన ఆ రోజు నుంచి పెళ్ళికి పోయినా, చావుకు పోయినా నల్లద్దాలతోనే పోతున్నాడు.

సుశీలమ్మ మాత్రం నవ్వలేదు. చెయ్యి ఎత్తింది. ఐదో తరగతి నిశ్శబ్దం దిగింది. నా చేతిలోని మైకు తీసుకొని, తండ్రి తనకు చెప్పిన సంగతి చెప్పింది.

భార్యాబిడ్డలను పూడ్చిన తరువాత దొర చర్చిలో నిలబడి, తన పేరు కూడా ఆ బండ కిందికే పోయిందని ఏడ్చాడట. అప్పుడు సుందరమ్మ నిండు చూలాలు. మొగుణ్ణి పక్కన పెట్టుకొని లేచి, "నీ పేరు మాకియ్యి దొరా, మేం మోస్తాం," అందట. ఆమెకు కొడుకు పుడితే దానియేలే ఎత్తుకొని పోయి, బాప్తిస్మంలో ఆల్టన్ పేరు కలిపి పెట్టించాడు. ఆనాటి నుంచి పేటలో ప్రతి ఇంట్లో, ప్రతి తరంలో ఒక బిడ్డకు ఆ పేరు కలుపుతారు. ఇంట్లో చిన్నోడనో బుజ్జి అనో పిలుచుకుంటారు. బాప్తిస్మం నాడూ సమాధి బండ మీదా తప్ప ఆ పేరు బయట పెట్టి ఎవరూ గొప్పలు పోరు. అందుకే రెడ్ల వీధి దాకా అది రాలేదు.

"ఎగువూరి దొరకు మునిమనవడు వచ్చె. మంచి పిల్లోడే. ఒక పూట ఉండె, పాయ," అంది సుశీలమ్మ. "మా దొర వంశం యాడికీ పోలేదు. ఆల్టన్ పేరు ఉండేటోళ్ళు లెయ్యండి."

లేచారు. నా మిషను దగ్గర ఏళ్ళ తరబడి బండలు కోస్తున్న బాబు లేచాడు. కడప ఆసుపత్రి నర్సు లేచింది. ఆటో తోలే అతను, ఇంజనీరు ఉద్యోగం చేసే అతను, బడి పిల్లలు, కర్ర ఊతగా ఒక ముసలాయన. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు టోపీ సర్దుకొని నిటారుగా నిలబడ్డాడు. ఎవరో ఒక తల్లి చంటిబిడ్డను రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంది. ఎగువూరి పెద్దలు ముందుకు చూసి, వెనక్కి చూసి, ఎటు చూడాలో తెలియక మా చర్చి కప్పు వైపు చూశారు. నాకు ఒళ్ళంతా పులకరించింది. నేను అప్పటికే నిలబడి ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఊపులో నేనూ లేచేవాణ్ణి.

పాస్టరు కళ్ళు ఒత్తుకుంటూ వచ్చి సుశీలమ్మను కుర్చీలో కూర్చోమన్నాడు. ఇంతమందికి ఒక్క కుర్చీ ఎట్ల సాలుతాదని ఆమె అడిగింది. ఆ తరువాత నా వైపు చూసింది. నేను ఆ గుడ్డ కప్పిన కుర్చీనే ఎక్కి, ఆమె ఇచ్చిన మార్కరుతో పట్టుచీర అమ్మాయిని కొట్టేసి, ప్రశ్నార్థకం చెరిపి, సుందరమ్మ, దానియేలు అని రాశాను. ఆమె కింద నిలబడి అక్షరాలు దిద్దించింది. తొలిసారి రాసినప్పుడు దానియేలు వంకరగా వచ్చాడు, మళ్ళీ రాయించింది.

ఆ ఏడే మా కొడుక్కి కొడుకు పుట్టాడు. నేనూ, మా కొడుకూ కోడలూ బిడ్డను ఎత్తుకొని సుశీలమ్మ ఇంటికి పోయాం. ఈసారి అడిగాం. ఆమె బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది.

"ఊరికే ఇచ్చే పేరు కాదు ఇది," అంది. "బాగా చదవాల. తాత మాదిరి కాగూడదు."

ఒప్పుకొని వచ్చాం. ఇప్పుడు మా ఇంట్లో ఆల్టన్ ఓబుళ్‌రెడ్డి అని ఒక పిడుగు తిరుగుతున్నాడు. నేను కనిపించిన ప్రతివాడికీ ఆ పేరు పూర్తిగా చెబుతాను. పేటవాళ్ళకున్న అణకువ నాకు ఎలాగూ లేదు.

మొన్న లక్ష్మీదేవి వాడికి అన్నం తినిపిస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అంతా బాగుండాది. ఇంగ నూరేండ్లకు నీ మాదిరి తెలివైనోడు ఇంగొకడు పుట్టి, ఈ పేరు సూసి లెక్కగడితే, నా గతేంది?"

అందుకే ఈ నాలుగు పేజీలు రాశాను. కాబట్టి, రాబోయే కాలంలో సమాధుల దొడ్లలో తిరిగే ఓ మహా పరిశోధకా, చదువుకో నాయనా. లక్ష్మీదేవి మొగుడు ఓబుళ్‌రెడ్డి. నడుమ ఏ దొరా లేడు. ఇక నా సంగతంటావా, నేను ఈ జన్మలో మరెవరి తాతనూ వెతకనని, తప్పనిసరై వెతకవలసి వస్తే ముందు వాళ్ళింటి అరుగు మీద కూర్చొని, మజ్జిగ తాగి, వాళ్ళ జేజి మొగుని పేరు అడిగి తెలుసుకున్న తరువాతనే నోరు తెరుస్తానని, మా ఇంటామె ఎదుట చేతులు కట్టుకొని, ఆమె చెప్పిన మాటల్లోనే ప్రమాణం చేశాను.